నాలుగో ప్లగ్గు

పోస్టుకు చేరింది నవంబరు నెలాఖరున, మధ్యాహ్నం రెండు దాటాక. ట్రక్కు దిగగానే మీసం మీద ఊపిరి గడ్డకట్టింది. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నె అడుగులా కాస్త చదును నేల. మూడు బంకర్లు, ఒక వంటగది, ఒక రేకుల షెడ్డు. పన్నెండు వేల అడుగుల ఎత్తు. నేను పుట్టింది రెంటచింతల పక్కన, ఎండకు బండలు పేలే చోట. మాకు చలంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున చెవులకు తువ్వాలు చుట్టుకోవడమే. ఈ పోస్టులో నీళ్ళ సీసాను దుప్పట్లో పెట్టుకుని పడుకోవాలి. లేకపోతే పొద్దున తాగడానికి మంచుగడ్డే మిగులుతుంది.

నేను హవల్దారుని, బండ్ల మెకానిక్‌ని. నాకిచ్చిన ఆర్డరు ఒక్క ముక్క: షెడ్డులో ఉన్న పెట్రోలు వ్యాను ఏ క్షణాన తాళం తిప్పినా కదలాలి. పోస్టులో ఉన్నది తొమ్మిది మందిమి. ఎవరి ప్రాణం మీదికొచ్చినా కిందికి చేర్చే అంబులెన్సు అదే. రేషన్ తెచ్చే పెద్ద ట్రక్కు ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు లేదు.

దిగగానే నాకు కనపడింది మాత్రం కొండలు కాదు, రాళ్ళు. దారికి రెండు వైపులా వరసగా పేర్చిన రాళ్ళు. ప్రతి రాయికీ సున్నం, నెత్తిన ఎర్రరంగు. మంచు పడే చోట తెల్లరాయి ఎవరికి కనపడుతుందని వేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న దసరా మరునాడు నరసరావుపేటలో మా ఇంటి ముందు నేను అరిచిన అరుపులు వీధి మలుపులో టీ కొట్టు దాకా వినపడ్డాయట. మా బావమరిది శీను వ్యానుకు ప్లగ్గులు మారుస్తున్నాను. "ఒక్క ప్లగ్గుకి ఇన్ని రంకెలా, మిలిటరీ బుర్ర" అని కొట్టు దగ్గర నవ్వుకున్నారట. నవ్వండి. విన్నాక నవ్వండి.

ముందు ప్లగ్గు సంగతి. పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లుంటే నాలుగు స్పార్క్ ప్లగ్గులు. ఒక్కొక్కటి తన వంతు రాగానే నిప్పురవ్వ వెయ్యాలి. ఒకటి వెయ్యకపోయినా ఇంజను తిరుగుతుంది. చదును రోడ్డు మీద పోతుంది కూడా. ఎత్తు ఎక్కాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది దాని కథ. పోస్టులో ఉన్నదీ, మా శీనుదీ ఒకే రకం వ్యాను. రంగు వేరు, అంతే. ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. సీటు లేపి మూత తీస్తే మూడు ప్లగ్గులు చేతికి అందుతాయి. నాలుగోది వెనక్కి, సీటు ఫ్రేము కిందికి, లోతు గుంటలో కూర్చుంటుంది. దాన్ని విప్పాలంటే బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి దూర్చి, ఇంకొకరు టార్చి పట్టుకుంటే తప్ప కాదు. అందుకే చానామంది మూడు మార్చి నాలుగూ మార్చామంటారు.

వచ్చిన రోజు సాయంత్రమే ఆ సీటు లేపాను. ఇంజను నల్లగా నిగనిగలాడుతోంది. రంగు వేశారు. ఇంజనుకి! ఎవరో పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని, మాకు ముందున్న జట్టు రాళ్ళకు సున్నం కొట్టి, తలుపులకు రంగు వేసి, ఇంకా డబ్బాలో మిగిలిందేమో, ఇంజను మీద కూడా కొట్టేశారు. వైర్లు కూడా తియ్యలేదు. పైనుంచి కారిన రంగు నాలుగో ప్లగ్గు గుంటలోకి దిగి గట్టిపడిపోయింది. ప్లగ్గు తల ఆరు పలకలుగా ఉండాలి, రెంచీ పట్టడానికి. అక్కడ పలకలు లేవు, నున్నటి నల్ల ముద్ద ఉంది. స్టార్ట్ చేసి ఒక్కో వైరూ పీకి చూశాను. మొదటి మూడూ పీకినప్పుడల్లా ఇంజను తడబడింది. నాలుగోది పీకితే ఏమీ కాలేదు. అది అప్పటికే చచ్చి ఉంది.

పైన పటారం, లోన లొటారం. పటాలంలో చేరిన కొత్తల్లో ఈ సామెత గుర్తొస్తే నవ్వొచ్చేది. ఆ రోజు రాలేదు.

పోస్టు బాధ్యత సుబేదార్ సాబ్‌ది. నేరుగా ఆయన బంకరుకే వెళ్ళాను.

"సాబ్, వ్యాను మూడు సిలిండర్ల మీద నడుస్తోంది. నాలుగో ప్లగ్గు విప్పాలి. రంగు గీకాలి."

"స్టార్ట్ అవుతోందా?"

"అవుతోంది సాబ్. కానీ..."

"అయితే ఆగు. తనిఖీ అయ్యాక విప్పు. గీకితే ఆ మచ్చ తనిఖీకి వచ్చినాయన కళ్ళల్లో పడదా?"

"ఈలోగా ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే సాబ్?"

"అపశకునం మాట్లాడకు."

ఆర్డరు ఆర్డరే. తనిఖీ వచ్చే వారం అన్నారు. మంచు పడింది, హెలికాప్టరు రాలేదు. మళ్ళీ వచ్చే వారం అన్నారు. మళ్ళీ మంచు. రోజూ పొద్దున్నే నా పని ఏమిటో తెలుసా? ఆ ఇంజనును గుడ్డ పెట్టి తుడవడం. చచ్చిన ప్లగ్గు మీద రంగును మెరిపించడం. తుడుస్తూ నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ పోస్టులో నాతో తెలుగు మాట్లాడేవాడు ఒక్కడే, రేడియో ఆపరేటరు. నల్లగొండ జిల్లా వాడు. కృష్ణకు వాళ్ళది అవతలి ఒడ్డు, మాది ఇవతలి ఒడ్డు. నేను తీసుకెళ్ళిన పండుమిరప పచ్చడి సగం వాడే తినేశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా వదిలేవాడు కాదు.

"సాగర్ నీళ్ళన్నీ మీరే తాగిండ్రు గదనే అన్నా. గీ పచ్చడన్న మాకియ్యి" అనేవాడు.

"మీరు గేట్ల కాడ కూర్చుంటే మాకేం మిగిలినయ్యిరా తాగటానికి" అనేవాణ్ణి నేను.

ఈ తగువు రోజూ ఉండేది. డ్రైవరు హర్యానా వాడు, వాడికి ఒక్క ముక్క అర్థం కాదు. నిజంగా కొట్టుకుంటున్నామనుకుని మొదట్లో మధ్యలోకి వచ్చేవాడు.

జనవరిలో ఒక పొద్దున రేడియో ఆపరేటరుకు దగ్గు మొదలైంది. రాత్రి కాపలా చలి అనుకున్నాం. పదింటికల్లా పెదాలు నీలంగా మారాయి. దగ్గితే గులాబీ రంగు నురగ. గుండె మీద చెవి పెట్టక్కర్లేదు, పక్కన నిలబడితే చాలు, ఊపిరిలో బుడబుడమని నీళ్ళ చప్పుడు వినపడుతోంది. నర్సింగ్ అసిస్టెంటు ఆక్సిజన్ పెట్టి మమ్మల్ని బయటికి పిలిచాడు.

"ఎన్నాళ్ళున్నా ఒక్కోసారి ఎత్తు పడదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కిందికి దించితే బతుకుతాడు. ఇక్కడే ఉంటే సాయంత్రం దాకా ఉండడు."

మంచు కురుస్తోంది, హెలికాప్టరు లేదు. పెద్ద ట్రక్కు రేషన్ కోసం కిందికి వెళ్ళి అక్కడే ఇరుక్కుంది. ఇక వ్యానే. సుబేదార్ సాబ్ నా మొహం చూడలేదు. "తీయండి బండి" అన్నాడు.

రంగు గీకుతూ కూర్చునే వ్యవధి లేదు, టైర్లకు గొలుసులు చుట్టాం. వాణ్ణి వెనక పడుకోబెట్టాం, తల ముందు సీట్ల వైపు. రేడియో సెట్టు వాడి పక్కనే. ఇంకెవరికీ అంత బాగా రాదు దాని పని. ఆ గిన్నెలోంచి బయటపడటానికి ఒక్కటే ఎత్తు, మనూళ్ళో సాగర్ కాలవ కట్టకు రెండింతలు ఉంటుందేమో. అది దాటితే ఆసుపత్రి దాకా అంతా దిగుడే. ఇంజను ఆపినా దొర్లుకుంటూ పోవచ్చు.

ఆ ఒక్క ఎత్తు ఎక్కలేదు బండి. సగం దాకా మూలుగుతూ వెళ్ళి ఆగింది. నలుగురం వెనక నుంచి నెట్టాం. బూట్లు జారుతున్నాయి, ఊపిరి అందటం లేదు. బండి వెనక్కి జారడం మొదలైంది. డ్రైవరు హ్యాండ్ బ్రేకు లాగి, దూకి, దారి పక్కన రాయి ఒకటి పీకి చక్రం కింద పెట్టాడు. సున్నం కొట్టిన రాయి. ఆ రాళ్ళ వల్ల ఎవరికైనా ఉపయోగం జరిగింది ఆ ఒక్కసారే.

అక్కడే, ఆ వాలు మీదే, డ్రైవరు పక్క సీటు లేపాను. బోర్లా పడుకుని చెయ్యి దూర్చాను. గుంటలో చీకటి. మళ్ళీ ఎక్కిన డ్రైవరు బ్రేకు వదిలే వీల్లేదు, మిగతావాళ్ళు వెనక బండిని ఆపి ఉన్నారు, నర్సింగ్ అసిస్టెంటు ఒక చేత్తో ఆక్సిజన్, ఇంకో చేత్తో వాడి నాడి పట్టుకుని కూర్చున్నాడు. టార్చి ఎవరు పట్టుకోవాలి?

"నాకియ్యే అన్నా" అన్నాడు వాడు.

తల నా భుజం దగ్గరే ఉంది. సీట్ల సందులోంచి చెయ్యి చాపి టార్చి గుంట మీద పట్టాడు. మాస్కు వెనక ఊపిరి బుడబుడలాడుతోంది. వెలుగు ఒకటే వణుకు. ప్లగ్గు మీద ఉన్నట్టే ఉండి పక్కకు పోతోంది.

"వణక్కురా, కనపడటంలా."

"నేనేడ వణుకుతున్ననే. చలి వణికిస్తుంది."

గ్లౌజులు తీసేశాను. రెంచీ, సీటు ఫ్రేము తగిలిన చోటల్లా చర్మం అంటుకుని ఊడొస్తోంది. స్క్రూడ్రైవరుతో రంగు పొడుస్తున్నాను, పెట్రోలు గుడ్డతో నానబెడుతున్నాను, మళ్ళీ పొడుస్తున్నాను. పెచ్చులు పెచ్చులుగా వస్తోంది. రెంచీ దిగదు. మళ్ళీ పొడవడం. రేడియోలో కింది నుంచి పిలుపు వచ్చింది. వాడు రెండో చేత్తోనే మీట నొక్కాడు.

"వాహనం ఎక్కడుంది? ఓవర్."

"ఎత్తు మీద. రిపేరు జరుగుతోంది. ఓవర్."

"పేషెంటు పరిస్థితి? ఓవర్."

"పేషెంటే మాట్లాడుతున్నాడు. ఓవర్" అన్నాడు. నర్సింగ్ అసిస్టెంటు ఏడుస్తూ నవ్వాడు. నేనూ నవ్వాను, పళ్ళ మధ్య స్క్రూడ్రైవరుతో.

తర్వాత నా వైపు తిరిగి, "అన్నా, గీ రంగు ఎవడేసిండే?" అన్నాడు.

"నువ్వు కిందికి పోయి కోలుకో. వాణ్ణి నేను పట్టుకొస్తా. ఇద్దరం కలిసి తందాం."

రెంచీ కాస్త దిగింది. సుత్తితో కొట్టాను, ఇంకాస్త దిగింది. అప్పుడే వెలుగు కుదురుకుంది. వణుకు పోయింది. సరిగ్గా ప్లగ్గు నెత్తి మీద, కదలకుండా నిలిచింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది. అట్టాగే పట్టు" అన్నాను.

అట్టాగే పట్టాడు. ప్లగ్గు కిర్రుమని ఊడింది. కొత్త ప్లగ్గు చలికి బిగుసుకోకుండా చొక్కా లోపల దాచుకుని ఉన్నాను. దాని తలకు బెత్తెడు పెట్రోలు గొట్టం తొడిగి, గుంటలోకి దించి, వేళ్ళతో తిప్పాను. గొట్టమైతే మర తప్పినప్పుడు తనే జారుతుంది, బలవంతాన ఎక్కదు. మర పట్టింది. బిగించాను. వైరు పెట్టాను. డ్రైవరు తాళం తిప్పాడు. నాలుగూ పలికాయి. ఆ చప్పుడు ఎంత బాగుందో!

"అయిపోయిందిరా, పోదాం" అని తల ఎత్తాను.

వాడి మోచెయ్యి సీటు ఫ్రేముకూ మూతకూ మధ్య ఇరుక్కుని ఉంది. టార్చి ఇంకా గుంట మీదే వెలుగుతోంది. నర్సింగ్ అసిస్టెంటు నాడి దగ్గర చలికి మొద్దుబారిన వేళ్ళు మార్చి మార్చి చూస్తున్నాడు. తర్వాత గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు, ఆసుపత్రి దాకా ఆపలేదు. బండి ఆ ఎత్తు ఒక్క ఊపున ఎక్కేసింది. దిగుడంతా గాలిలా దిగింది. వాడు మాత్రం అప్పటికే లేడు.

కారణం వాతావరణం అన్నారు. అందరూ అదే అన్నారు. నేను రంగు అన్నాను. "నీకు బాధలో మతి పోయింది, పడుకో" అన్నారు. వారం తిరక్కుండానే నేను గీకిన చోట మళ్ళీ రంగు వెయ్యమని ఆర్డరు. నేను వెయ్యనన్నాను. ఇంకొకడు వేశాడు. ఫిబ్రవరిలో ఎండ కాసిన ఒక రోజు పెద్ద అధికారి వచ్చారు. సీటు లేపించి చూశారు. "బహుత్ అచ్ఛా, ఇంజను అద్దంలా ఉంది" అన్నారు. సుబేదార్ సాబ్ సెల్యూట్ కొట్టాడు. నేనూ కొట్టాను. ఆ సెల్యూట్ గుర్తొస్తే ఇప్పటికీ నా చెయ్యి నాకే అసహ్యం.

ఆ పోస్టు నుంచి దిగాను. తర్వాత ఇంకొన్ని చోట్ల చేశాను. పింఛనుతో ఇంటికొచ్చి నరసరావుపేటలో స్థిరపడ్డాను. ఇక్కడ సున్నం రాళ్ళు ఉండవు కదా అని సంతోషించాను.

మా శీను వ్యానులో రోజూ పొద్దున్నే పత్తి తీతకు ఆడవాళ్ళను రొంపిచర్ల వైపు చేలకు తోలుతాడు. దసరా రోజు బండికి బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ. పూజయ్యాక బొబ్బట్లు తింటూ ఒక జోకు చెప్పాడు. మూడు రోజుల కిందట కాలవ కట్ట ఎక్కుతుంటే బండి ఆగిపోయిందట. నిండా ఆడవాళ్ళు. వెనక్కి, కాలవలోకి జారుతుంటే, మా పక్కింటి రాఘవమ్మ పిన్ని దూకి రాయి పెట్టిందట.

"మా పిన్ని దూకుడు చూడాల్సింది బావా! అరవై ఏళ్ళ మనిషి, కోతిలాగా దూకింది" అని పగలబడి నవ్వాడు.

చేతిలో బొబ్బట్టు కంచంలో పెట్టేశాను.

"ప్లగ్గులు ఎప్పుడు మార్పించావురా?"

"మొన్ననే. మెకానిక్కు మూడు మార్చాడు. నాలుగోది అందదంట బావా, చానా లోపలుందంట. మూడు మారిస్తే చాలన్నాడు. అయినా ఇయ్యాల పూజ కూడా చేయించాగా."

తెల్లారగానే నేనే సీటు లేపాను. ఇంజను తళతళలాడుతోంది. పసుపు బొట్లు, కుంకుమ. దసరా ముందు రోజు నీళ్ళ పైపు పెట్టి ఇంజనంతా కడిగించాడట, పూజకు శుభ్రంగా ఉండాలని. ఏటా కడిగిస్తాడట. ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయి? నాలుగో గుంటలోకి. ఏళ్ళ తరబడి తుప్పు, బురద, పసుపు కలిసి ముద్ద కట్టి ఉంది లోపల. అక్కడ నల్లరంగు, ఇక్కడ పసుపు.

అప్పుడు మొదలయ్యాయి నా అరుపులు. దండ పీకి వీధిలోకి విసిరేశాను. "నీ బండి దేవుడి ముందు మెరవాలి, ఆడోళ్ళు మాత్రం కాలవలో పడాలా? పైపు పెట్టి కడిగినోడివి, ఒక్క గుంటలో చెయ్యి పెట్టటానికి నీకేం రోగంరా?" శీను బిత్తరపోయాడు.

"ఎందుకు బావా అంత కోపం? ఎవరికీ ఏం కాలేదుగా?"

ఎవరికీ ఏం కాలేదుగా. ఈ మాటకి నేను మనిషిని కొట్టగలను. కొట్టలేదు, సైకిల్ పంపు తెమ్మన్నాను. ముందు గుంటలోకి గాలి కొట్టి ముద్దను ఊదాలి, లేకపోతే ప్లగ్గు ఊడగానే చెత్తంతా సిలిండర్లో పడుతుంది. తర్వాత కొంచెం పెట్రోలు పోసి నానబెట్టాలి. టార్చి పట్టమంటే శీనుకు ఫోను మోగింది, పక్కకు పోయాడు.

రాఘవమ్మ పిన్ని గేటు దగ్గర నిలబడి ఉంది.

"రేపు బండొచ్చిద్దా రాదా అయ్యా? పత్తి తీతలు. పోకపోతే మేస్త్రి వేరేవాళ్ళని పెట్టుకుంటాడు."

"వచ్చిద్ది పిన్నీ. నాలుగుతోటీ వచ్చిద్ది. ఇట్టొచ్చి టార్చి పట్టుకో."

వచ్చి వెనక సీట్లోంచి వంగింది. పత్తి తీసి తీసి చీరుకుపోయిన వేళ్ళు. చెయ్యి సన్నగా వణుకుతోంది, వెలుగు గుంట మీద అటూ ఇటూ ఆడుతోంది. నాకు ఏ ఇబ్బందీ లేదు. బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి దూర్చి, రెంచీ దించాను. పట్టింది, కానీ తిరగలేదు. మళ్ళీ బలం పెట్టాను.

అప్పుడు వెలుగు కుదురుకుంది. వణుకు పోయింది. సరిగ్గా ప్లగ్గు నెత్తి మీద, కదలకుండా నిలిచింది.

"పిన్నీ! చెయ్యి కదిలించు!"

టీ కొట్టు దాకా వినపడింది ఈ అరుపే. శీను ఫోను చెవిన పెట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"ఏందయ్యా అది? చెయ్యి నొప్పెట్టి మోచెయ్యి సీటుకి ఆనిచ్చా. కదిలిస్తే నీకు కనపడదుగా?"

"కనపడకపోయినా పర్లా. కదిలించు. కదిలిస్తానే ఉండు."

పిన్ని నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. అయినా పెద్ద మనసు, మోచెయ్యి ఎత్తి టార్చిని నెమ్మదిగా ఆడించింది. గుంటలో వెలుగు వణికింది. నేను బలమంతా పెట్టి తిప్పాను. నాలుగో ప్లగ్గు కిర్రుమంది.